ఆమెకు ఏం వినిపించిందో అడిగినావా

సెల్లార్‌లో కారు ఆపి తలుపు తీయగానే ఫినాయిల్ వాసన, దాంతోపాటే ఎవరో అప్పుడే మూత తీసిన డబ్బాలోంచి మామిడికాయ పచ్చడి వాసన. ఈ రెండూ కలిస్తే నాకు ఒక్క మనిషే గుర్తుకొస్తుంది. ఇలాంటి అద్దాల మేడ కిందే, పంపు గది పక్కన, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న నాగరత్న మేడమ్. ఎముకల జబ్బుల మీద మాకు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. చీర కుచ్చిళ్లు తడి నేలకు అంటుతున్నా ఆమెకు పట్టేది కాదు. ఆమెను అందరూ మొండిమనిషి అనేవారు. నేనూ అంటాను. వాళ్లు తిట్టుగా అన్నారు, నేను గర్వంగా అంటాను, అంతే తేడా.

మేడమ్‌ది అనంతపురం వైపు. ఎన్నేళ్లు హైదరాబాద్‌లో ఉన్నా ఆ యాస పోలేదు, పోగొట్టుకోవాలని ఆమె ప్రయత్నించనూ లేదు. రోగి వెన్ను మీద చెయ్యి పెట్టే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేది, మా చేత కూడా రుద్దించేది. ఒకసారి మా సీనియర్ ఒకాయన రౌండ్స్‌లో, "మేడమ్, కిటికీ పక్క తుంటి నిన్న రాత్రి నిద్రపోలేదు" అన్నాడు. మేడమ్ ఆగి, "తుంటి ఒక్కటే నడుచుకుంటా వచ్చి పడుకునిందా నాయనా? ఆయప్పకు పేరు లేదా?" అంది. మంచం మీది మనిషి పకపకా నవ్వాడు. ఆ సీనియర్ మాత్రం వారం రోజులు ఆమె ఎదుటపడకుండా తిరిగాడు.

నా థీసిస్‌కు ఆమే గైడు. మూసాపేటలో స్పేర్ పార్టుల దుకాణం నడిపే మా నాయన, నేను ఎప్పుడు పెద్ద డాక్టర్‌నవుతానా అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటూ ఎదురుచూస్తున్న రోజులవి. ఐటీ భవనాల్లో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్ల ఎముకల బలం చూడాలన్నది మా పని. వాళ్లు పొద్దు పొడవకముందే బాచుపల్లి నుంచీ, ప్రగతి నగర్ నుంచీ షేర్ ఆటోల్లో వచ్చి, చీకటి పడ్డాక పోతారు. పై అంతస్తుల అద్దాల మీద ఎండ ధగధగలాడుతూనే ఉంటుంది, కింద సెల్లార్ కడిగే మనిషి మీద మాత్రం పడదు. స్కానింగ్ మిషన్ ఉన్న వ్యాను సెల్లార్‌లో పెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కొక్కరినీ పడుకోబెట్టి స్కాన్ తీసేదాన్ని. రమ్మని పిలవాల్సిన పనే లేకపోయింది, వాళ్లే వరస కట్టారు. నా అదృష్టానికి పొంగిపోయాను.

ఒకరోజు పని ఎలా సాగుతోందో చూడటానికి మేడమ్ వచ్చింది. అప్పుడు మిషన్ బల్ల మీద సాయమ్మ ఉంది. పెద్ద డాక్టరమ్మ కనబడేసరికి ఆమెకు ధైర్యం వచ్చింది.

"మేడమ్, జర ఇంకింత సేపు పెట్టుండ్రి. నడుము కాడ మంచిగ తగలాలె. గీ మిషన్ల పండుకున్నంక యాదమ్మకు నొప్పి మొత్తం పోయిందట."

"ఇది నొప్పి తగ్గించే మిషన్ అని ఎవరు చెప్పినారమ్మా?"

"ఒకలు చెప్పాల్నా? ఇంత పెద్ద మిషన్ దవాఖానోళ్లు ఉత్తగనే తెస్తరా?"

మేడమ్ నా వైపు తిరిగింది. "అందరికీ చదివి వినిపించిన మేడమ్. విన్నంకనే వేలిముద్ర వేసిన్రు" అన్నాను.

"నువ్వు వినిపించినావు, సరే. ఆయమ్మకు ఏం వినిపించిందో అడిగినావా?"

మిషన్ ఆపించింది. తింటున్న వాళ్ల మధ్యకు పోయి చాప మీద కూర్చుంది. "చూడండమ్మా, ఇది మందు కాదు. ఎముక ఎంత గట్టిగా ఉందో చూపించే ఫోటో. దీంతో మీ నొప్పి తగ్గదు. ఎండ తగలని పనిలో ఉండేవాళ్ల ఎముకలు ఎట్లుంటాయో తెలుసుకోవాలని మేమే మిమ్మల్ని అడుగుతున్నాము. వద్దంటే లేచి పోండి. పోయినా మీ వైద్యం మీకు జరుగుతాది." తర్వాత ఒక్కొక్కరినీ, తాను చెప్పింది వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమంది. సాయమ్మ కొంగు సర్దుకుంటూ, "అయితే నాకొద్దు మేడమ్. బువ్వ తినే టైమంత గిండ్లనే పోతుంది" అంది. మేడమ్ ఆమెకు దండం పెట్టి, "మంచిదమ్మా. నడుము నొప్పికి రేపు ఓపీకి రా, నేనే చూస్తా" అంది. ఆమె వెనకే చాలామంది లేచి వెళ్లిపోయారు. నా థీసిస్ నా కళ్లముందే చాప మీది నుంచి లేచి వెళ్లిపోతున్నట్టుంది.

మర్నాడు మా విభాగం పెద్దాయన ఇద్దరినీ పిలిచారు. "హాని ఏం జరిగిందండీ? నొప్పి తగ్గిందని సంతోషంగానే ఉన్నారు కదా! ఇప్పుడు కదిలించి ఈ పిల్ల చదువు ముంచేస్తారా?" అన్నారు.

"మనం అబద్ధం చెప్పలేదు సార్. వాళ్లు తప్పుగా నమ్మినారు, మనం వాడుకున్నాము. రెండింటికీ తేడా నాకు కనపడలేదు" అంది మేడమ్. "ముందు ఫోటో తీసినవాళ్లను కూడా మళ్లీ అడగాల. వద్దన్నవాళ్ల లెక్కలు థీసిస్‌లోంచి తీసెయ్యాల. లేకుంటే నేను సంతకం పెట్టను."

వరండాలోకి రాగానే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీ నియమం కోసం థీసిస్ ఆగి నా పరీక్ష పోవాల్నా మేడమ్? మా నాయనకు ఏం చెప్పాలె?" అని అడిగేశాను. ఆమె బుజ్జగించలేదు. "పోతాది. వచ్చేసారి రాయాల్సి వస్తుంది, నీకు అబద్ధం చెప్పను. నీకిష్టం లేకుంటే గైడును మార్చుకో. పెద్దాయన ఒప్పుకుంటాడు, నేనేమీ అనుకోను. పోయినా నీకు పాఠం చెప్పడం మానను" అంది. చాప మీద ఆ ఆడవాళ్లకు చెప్పిన మాటే అది. వద్దంటే లేచి పొమ్మంటోంది నన్ను కూడా. అంత స్వేచ్ఛ ఇచ్చే మనిషిని వదిలి ఎక్కడికి పోతాను? నేను పోలేదు.

మళ్లీ సెల్లార్‌కు వెళ్లాను, మేడమ్ కూడా వచ్చింది. మొదట యాదమ్మకే చెప్పాం, మిషన్ వల్ల నొప్పి తగ్గదని. ఆమె నవ్వింది. "తగ్గింది మాత్రం నిజమే మేడమ్. పొద్దుగాల్నుంచి నిలబడ్డ నడుము, గడియసేపు పండుకుంటే తగ్గదా?" ఆ మాటకు మేడమ్ కళ్లు తుడుచుకోవడం చూశాను. కొందరు తమవి ఉంచుకోమన్నారు, కొందరు తీసెయ్యమన్నారు, తీసేశాను. కొత్తవాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్లతో మళ్లీ మొదలుపెట్టాను. నా పరీక్ష వెనక్కి పోయింది. నాయన నాతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు. పెద్దాయన రిటైరయ్యాక ఆ కుర్చీ మేడమ్‌కు రావలసింది, రాలేదు.

పోయిన వానాకాలం మేడమ్ కన్నుమూసింది. సంతాప సభలో ఒకాయన, "కాస్త సర్దుకుపోయి ఉంటే ఇంకా ఎంత ఎత్తుకు వెళ్లేవారో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వైద్యం నేర్పడమంటే జబ్బుల పేర్లు నేర్పడం ఒక్కటే అయితే పుస్తకాలు చాలు. మనిషి ముందు డాక్టర్ ఎలా కూర్చోవాలో ఆమె నేర్పింది. ఆ ఎత్తు చాలదా? చాలదనేవాళ్లు అలాగే అనుకోనీ.

ఈరోజు నేను వచ్చింది కూడా ఇలాంటి పనికే. ఈ భవనంలో మా ఎముకల పరిశోధన మొదలైంది. ఈసారి గైడును నేను. చాప పక్కన మా పీజీ అమ్మాయి, ఆమె వెనక భవనం మేనేజరు. "మేడమ్, ఒక్కొక్కరితో ఇంతసేపు మాట్లాడితే లైన్ కదలదండీ. తొందరగా కానివ్వండి" అన్నాడాయన. "కదలకపోతే ఆగుతుంది" అన్నాను. బల్ల దగ్గరికి వచ్చిన ఆవిడకు మా అమ్మాయి చక్కగా వివరించింది. నేను అరచేతులు రుద్దుకుంటూ, "మీకేం అర్థమైందో మీ మాటల్ల చెప్పమ్మా" అని అడిగాను.

"గిది మందు కాదు, ఫోటో. వద్దంటె పోవచ్చు. పోతె మీరేమనరు" అంది ఆవిడ. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నిజమో కాదో తేల్చుకున్నట్టు, "అయితే నేను పోత" అంది.

మేనేజరు నిట్టూర్చాడు. మా అమ్మాయి కంగారుగా నా వైపు చూసింది. నేను లేచి నిలబడి, వెళ్తున్న ఆవిడకు దండం పెట్టాను.