మోతికి ఎల్లన్న కట్టిన తోలుముడి

1964లో, చెరకు ఆడే సీజను మొదలైన కొత్తలో, బోధన్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీ కావలి విభాగంలో నన్ను పనిలో పెట్టుకున్నారు. హాజరు పట్టీలో నా హోదా డాగ్ అటెండర్. ఊళ్లో మాత్రం కుక్కలక్క అనేవాళ్లు. చక్కెర గోదాములు కాసే కుక్కలకు జొన్న గట్క వండిపెట్టడం, కడగడం, పళ్లూ గోళ్లూ చూడడం నా పని. నా పైన జమేదారు ఖాదర్ సాబ్. ఆయన పైన సెక్యూరిటీ ఆఫీసరు. ఆయన మాకు జెండా పండుగ నాడే కనిపించేవాడు.

ఆ ఏడు మోతి అనే కుక్క వచ్చింది. ఇంకా ఏడాది నిండలేదు. ఆ వయసులో కుక్కకు పళ్లు గట్టిపడతాయి, ఏదో ఒకటి కొరకనిదే ఉండలేదు. మోతి పళ్లు ఎడ్లబండ్ల మీద పడ్డాయి. చెరకు బండ్లు కాంటా ముందు బారులు తీరి ఉంటే, ఎద్దును కాడికి కట్టే తోలు వారును కొరికేసేది. ఒక్క వారు తెగితే ఆ బండి కదలదు, దాని వెనక బారంతా ఆగిపోతుంది. రైతులు జమేదారు మీద పడేవాళ్లు.

"లచ్చమ్మా, ఇంకొక్క వారు తెగిందంటే దీన్ని పోచంపాడ్ తోలిస్త. ఆడ డ్యాం పని కాడ స్టోరుకు కుక్క గావాల్నంట. పొద్దుమాపు గొలుసే," అన్నాడాయన.

ఎప్పుడూ గొలుసు మీదుండే కుక్క కావలి మరిచిపోయి, దగ్గరికొచ్చిన మనిషినల్లా కరుస్తుంది. తర్వాత దానికి పట్టే గతి నాకు తెలుసు.

మా ఫ్యాక్టరీలో ఏ చిక్కుకైనా మందు మడ్డే. చక్కెర తీయగా మిగిలే నల్లటి పాకం అది. ఎడ్లు మేత ముట్టకపోతే మడ్డి, గోడ బీటలిస్తే సున్నంలో మడ్డి. అందరం కలిసి తుమ్మకట్టెకు మడ్డి పూసి మోతి ముందు పడేశాం. ఇష్టంగా కొరికింది. మా తెలివికి మేమే మురిసిపోయాం. వారం తిరగకముందే అది బండి వార్లతో పాటు పగ్గాలు, చివరికి జమేదారు బూటు కూడా పట్టింది.

కాంటా దగ్గర ఒక బండాయన బీడీ ముట్టించుకుంటూ అన్నాడు: "అక్కా, మీ కుక్కకు మీరే బడి పెట్టిండ్రు గదా. మడ్డి వాసనొస్తే కొరుకుమని నేర్పిండ్రు. గీ జాగల మడ్డి అంటనిదేమున్నది, ఆఫీసరు సాబు మీసం తప్ప?"

నిజమే. ఆ ఆవరణలో చక్రాలూ తాళ్లూ మా చెప్పులూ అన్నీ అదే వాసన.

ఖాదర్ సాబ్‌ను బతిమాలి ఇంకో వారం గడువు తెచ్చుకున్నాను. కట్టె మానేశాం. అది ఎట్లాగూ పీచులు లేచి చిగుళ్లలో గుచ్చుకుంటోంది. చెరకు మోసే పట్టా నుంచి పాత రబ్బరు ముక్క ఇస్తే బిళ్లలు బిళ్లలుగా ఊడింది. మింగితే పేగులో అడ్డం పడుతుందని లాక్కున్నాను. ఎముక ఇద్దామంటే, ఉడికిన బొక్క సూదుల్లా చీలుతుంది. చివరికి డప్పులు కట్టే ఎల్లన్న ఇంటికి పోయాను.

"తంగేడు చెక్కల ఊరేసిన తోలు వద్దు చెల్లె. బండి వారు గూడ అదే తోలు, కుక్కకు తేడా తెల్వది. పచ్చితోలు ఇస్త, డప్పుకు మూసేది," అని ఒక ముక్కను నానబెట్టి, పిడికిలి కంటే పెద్ద ముడి వేసి ఇచ్చాడు. గోటితో నొక్కితే కొంచెం దిగింది. మోకాలి చిప్పకు కొట్టుకుని చూశాను, నొప్పి లేదు. అక్కడ నొప్పి పుట్టించేది కుక్క పన్నును కూడా విరుస్తుంది. ఎల్లన్న భార్య నవ్వింది: "నా మోకాలు మీద కొట్టకు వదినే, దానికి మెత్తటిదైనా నొస్తది."

వాసన ఒక్కటే మిగిలింది. కందకుర్తి నుంచి వచ్చే ఎండు చేపలు ఉడికించిన నీళ్లలో ఆ ముడిని ఊరేశాను. ఫ్యాక్టరీలో ఆ వాసన ఇంక దేనికీ లేదు.

మరుసటి పొద్దున బండ్ల బారు దగ్గర మోతిని విడిచాం. ఖాదర్ సాబ్ గొలుసు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. అది నేరుగా ఒక బండి కిందికి దూరి వారును మూచూసింది. బండాయన ముల్లుగర్ర ఎత్తాడు. నేను ముడిని ఇవతల పడేశాను. మోతి తల తిప్పింది. వచ్చి, ముడిని రెండు కాళ్ల మధ్య పట్టుకుని, అక్కడే మట్టిలో పడుకుని నమలసాగింది. బారంతా కాంటా దాటేదాకా లేవలేదు.

"కంపు మాత్రం మస్తున్నది," అని ఖాదర్ సాబ్ గొలుసును మళ్లీ మేకుకు తగిలించాడు. మోతి పోచంపాడ్ పోలేదు. ముసలిదయ్యేదాకా మూడో గోదాము కాసింది.

నా తర్వాత వచ్చిన అటెండర్లకు నేను చెప్పింది ఇంతే. కొరకొద్దని కుక్కకు నేర్పలేం, ఏది కొరకాలో నేర్పగలం. ఆ వస్తువు గోటికి లొంగాలి, నోట్లో పూర్తిగా పట్టకూడదు, అరిగి చిన్నదైన నాడే తీసెయ్యాలి. ఇచ్చే ముందు మాత్రం ఒకసారి చుట్టూ వాసన చూడాలి.