మామునూరులో దిగిన మేనమామ

వెంకట్రాజం గొప్పలు వినీ వినీ మా కొత్తవాడ వాళ్ళ చెవులు తూట్లు పడ్డాయి. డెబ్బైల్లో ఇదే మనిషి మేం నేసిన జంపఖానాల కట్టలు బస్సు టాపు మీద వేసి, వాటి మీదే కూర్చుని హైదరాబాదు పోయేవాడు. అక్కడ దుకాణం పెట్టాడు, నాలుగు డబ్బులు చూశాడు. ఎనభైల్లో హైదరాబాదు నుంచి మా ఊరి పక్క మామునూరుకు చిన్న విమానం నడవడం మొదలయ్యాక కళ్ళు పూర్తిగా నెత్తికెక్కాయి. ఒక్కసారి ఎక్కాడో లేదో, మాకు పాఠాలు మొదలు.

"బేగంపేట నుంచి మామునూరు గాలిల నూట ముప్పై కిలోమీటర్లు. అరగంట! మీ బస్సు జనగామ దాటేలోపట నేను దిగి చాయ్ తాగుత," అనేవాడు. మగ్గం మీద నడుము విరుగుతున్న మాకెందుకయ్యా ఆ లెక్కలు!

అతని చెల్లెలు భద్రమ్మది మా పక్కిల్లే. కూతురు స్వరూప పెళ్ళి కుదిరింది. పిల్లను గంపలో కూర్చోబెట్టి మేనమామ పందిట్లోకి తేవాలి కదా. "నాకు తోడబుట్టినోడు ఒక్కడే. ఆయన చేతుల మీదనే నా బిడ్డ పందిట్లకు రావాలె," అని ఆమె కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుంది. ముందురోజే రమ్మని అన్నను బతిమాలింది కూడా.

"రైల్ల నలగమంటవా? పెండ్లినాడు పొద్దున అరగంటల వస్త," అన్నాడు మహానుభావుడు.

ఆ పొద్దున విమానం మా ఇళ్ళ మీదుగానే పోయింది. భద్రమ్మ తలెత్తి చూసి, "మా అన్నొచ్చిండు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. స్వరూపను గంపలో కూర్చోబెట్టారు. పెళ్ళి చేయించే అయ్యగారు తొందర చేస్తున్నాడు. మనిషి మాత్రం రాడు.

"సాంబయ్యా, జర సైకిలేసుకొని పో తమ్మీ," అని భద్రమ్మ నన్ను తరిమింది.

రొప్పుకుంటూ పోతే, దొరగారు మామునూరు రోడ్డు పక్కన సూట్‌కేసు మీద కూర్చున్నాడు, నల్లద్దాలు పెట్టుకుని.

"జీపేది?" అన్నాడు.

"ఒక్కటే దొరికిందన్నా, పెండ్లికొడుకును తేను పోయింది. నా సైకిలెనుక కూసో. పిల్ల గంపల కూసున్నది."

"ఇమానం దిగినోన్ని సైకిలెక్కుమంటవా? నలుగురు చూస్తే నా ఇజ్జత్ ఏంగావాలె? జీపు పంపియ్యి, పో."

ఇంతలో ఊళ్ళోకి పోయే బస్సు వచ్చి మా ముందే ఆగింది. దాన్నీ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. థూ! వీడితో ఏం మాట్లాడతాం? వచ్చిన దారినే తొక్కాను.

భద్రమ్మ నా సైకిలు వెనక చూసింది. ఏమైందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"గంప నువ్వెత్తు తమ్మీ," అంది.

ఇంకొకరు సాయం పట్టగా ఎత్తాను. పిల్లను పందిట్లో దించాను.

పుస్తె కట్టడం అయిపోయి, విస్తళ్ళు వేస్తుండగా పెళ్ళికొడుకును దించిపోయిన అదే జీపులో వెంకట్రాజం దిగాడు. "ఇమానం అరగంటలనే దించింది, మీ జీపే లేటు," అని అందరికీ వినిపించేలా అన్నాడు.

మేనమామకని కొన్న పట్టు అంచు పంచె తెచ్చి, భద్రమ్మ అతని కళ్ళ ముందే నాకు బొట్టు పెట్టి నా చేతుల్లో పెట్టింది. తర్వాత అన్న వైపు తిరిగింది.

"కూసో అన్నా, బువ్వ తిను. జల్ది తిను, మల్ల ఇమానం పోతది."