నేను కొట్టేసిన హెచ్చరిక

దినపత్రిక డెస్కులో వార్తలు దిద్ది రిటైరై, ఖరగ్‌పూర్ మలంచాలో స్థిరపడ్డాను. కోడ్‌ను చిప్ సర్క్యూట్‌గా మార్చే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నా మేనకోడలు పద్మ జీతం లేకుండా చూసుకుంటోంది. దాని మాన్యువల్ దిద్దిపెట్టమంది.

ఇలా రాస్తే చిప్ పనిచేయదన్న ఒకే హెచ్చరిక మూడు పేజీల్లో కనిపించింది. డెస్కు అలవాటుకొద్దీ రెండుచోట్ల కొట్టేశాను. మాన్యువల్‌ను ఎవరూ మొదటినుంచి చదవరని, కావలసిన పేజీ మాత్రమే తెరుస్తారని నాకు తోచలేదు. పద్మ నన్ను నమ్మి, తన పేరుతో వెబ్‌సైట్‌లోకి ఎక్కించేసింది.

ఏడాదిన్నర తర్వాత, ఊళ్ళోనే ఉన్న హిజ్లీ ఇంజనీరింగ్ క్యాంపస్ నుంచి ఒక తెలంగాణ విద్యార్థి పద్మను వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు. అతను చదివిన పేజీలో ఆ హెచ్చరిక లేదు; పాత ప్రతిలో ఉందని తర్వాత చూశాడు. ఏడాది కష్టపడి చేయించుకున్న చిప్ పనిచేయలేదు.

"ఆ ఒక్క లైను ఎందుకు తీసేసిన్రక్కా? నా డిగ్రీ ఆగిపోయింది."

పద్మ నావైపు చూసింది. నేను టీకప్పులోకి చూశాను.

"తప్పు నాదే తమ్ముడూ" అంది.

అదేమాట అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లోనూ రాసింది. అతను వెళ్ళాక, "ఏటి మావయ్యా, ఒక్క మాట అనలేకపోనావా?" అంది. మళ్ళీ ఏదీ దిద్దమనలేదు.

పత్రికలో సవరణ వేస్తే తప్పు చేసినవాడి పేరుండదు. ఆ చాటున ముప్పై ఏళ్లు బతికిన నాకు, ఆ అబ్బాయితో నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పటికీ చెప్పలేదు.