పొయ్యి గోనెసంచిలో ఉన్న రోజులు

పెళ్లయిన మూడున్నరేళ్లలో మేము ఏడిళ్లు మారాం. నేను చెబితే ఎవరూ నమ్మరు, కోపంలో పెంచి చెబుతున్నానని అనుకుంటారు. మా ఆయన చెబితే నమ్ముతారు, ఆయనకు పెంచి చెప్పడం రాదు. ఐదో ఇంటి పక్కావిడ మా సామాను దిగుతుంటే గుమ్మంలో నిలబడి, "పిల్లి పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతాదంట. మీకు పిల్లలు ల్యాకుండానే ఈ తిరుగుడేందమ్మా?" అంది. మంచి మనిషే, మాట అలాంటిది. నేను ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆమెకేం తెలుసు, మా ఆయన ఉద్యోగమే తిరుగుడు. విత్తనాల కంపెనీలో ఫీల్డు సూపర్‌వైజరు. వానాకాలమంతా ఆళ్లగడ్డ, రుద్రవరం చుట్టుపక్కల పత్తి విత్తనం వేసిన చేలల్లో ఉండాలి. ఆడ మొక్కల పూలకు మగ మొక్కల పుప్పొడి చేత్తో అంటించే పని, దాన్ని క్రాసింగు అంటారు. అది సాగినన్నాళ్లూ పొద్దు పొడిచేసరికి ఆయన చేలో ఉండాల్సిందే. అది అయిపోగానే కంపెనీ నంద్యాలకు రమ్మంటుంది, రబీలో పాణ్యం పక్క విత్తనపు మొక్కజొన్న చూసుకోవాలి. "ఒక ఊళ్లో ఉండి బండి మీద పోయిరావచ్చు కదా" అని అందరూ సలహా ఇచ్చారు. ఒక నెల అలాగే తిరిగాడు. ఒకరోజు బండి మీదే కునుకు పట్టి కాలవగట్టు కింద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి ఇంటికొచ్చి, "ఏం కాలేదు, బురద మెత్తగుండాది" అన్నాడు. ఆ రోజే నేను చీరలు మూటకట్టడం మొదలుపెట్టాను. ఆయన ఎక్కడుంటే నేనక్కడే అని అప్పుడు నిశ్చయించుకున్నదే, తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నా మార్చుకోలేదు.

సామాను సర్దడంలో మా ఆయన్ను మించినవాడు లేడు. బియ్యం డ్రమ్ములో మిక్సీ, మిక్సీ చుట్టూ దుప్పట్లు, దుప్పట్ల మధ్య గ్లాసులు. ట్రాలీ ఆటోలో ఒకే విడతకు ఇల్లంతా ఎక్కేది. ఏడు మార్పుల్లో ఒక్క పింగాణీ గిన్నె పగిలింది, అదీ నేను విసిరినందుకు. కొత్తింటికి పోగానే ఉప్పు, పసుపు, దేవుడి పటం ముందు లోపల పెట్టి, పొయ్యి వెలిగించి పాలు పొంగించేదాన్ని. అవి పొంగేదాకా ఆయన ఏ మూటా విప్పేవాడు కాదు.

మూడో ఇల్లు రుద్రవరంలో. అక్కడ కోతులు మా కంటే ముందే కాపురం పెట్టాయి. నాలుగోది నంద్యాలలో రైలుగేటు పక్క. ఐదోది ఆళ్లగడ్డలో. ఆ ఐదో ఇంట్లోనే మా మొదటి బిడ్డ కడుపులో నిలవలేదు. అప్పటికి మూడో నెల, ఇల్లు మారి తొమ్మిది రోజులు. డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది, ఇల్లు మారినందుకు కాదు, కొన్నిసార్లు ఇలాగే అవుతుంది, నీ తప్పు కాదని. ఆమె మాట నమ్మాను. కానీ ఊరంతా ఇంకో మాట చెప్పింది. కడుపుతో ఉన్న మనిషి ఇల్లు మారకూడదు. నాకు అమ్మ లేదు, నా చిన్నప్పుడే పోయింది. నాయన, అన్న బెంగళూరులో కట్టడం పనుల్లో ఉంటారు, వాళ్లు ఉండేది పనిదగ్గరి రేకుల షెడ్డు. కడుపుతో ఇల్లు మారకూడదని ముందే చెప్పేవాళ్లు నాకెవరూ లేకపోయారు. డాక్టరమ్మ మాట తలలో ఉండిపోయింది, ఊరి మాట కడుపులో ఉండిపోయింది. రెండూ కలిసి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆరో ఇల్లు నంద్యాలలో పిండిమిషను మీది మిద్దె గది. ఇంటావిడే మిషను నడిపేది. యాభై ఐదేళ్లుంటాయి, భర్త పోయాడు, పిల్లలు లేరు. కనుబొమ్మల మీద కూడా పిండి. అందరూ మిషనక్క అనేవాళ్లు, మేమూ అదే పిలుపు. ఆమెకూ నాకూ మొదటివారం నుంచే చుక్కెదురు. నీళ్లు ఎక్కువ వాడతానని ఆమె, మిషను దడదడకు తల పగిలిపోతోందని నేను. ఒకరోజు నేను ఆరేసిన తడి చీర నీళ్లన్నీ కింద ఎవరో రైతు పెట్టిపోయిన జొన్నల మూటలో కారాయి. ఆమె మిషను ఆపి మరీ అరిచింది.

"కండ్లు యాడ పెట్టుకోని ఆరేస్తాండావ్? నీ చీర పిండుకునేకి నా మిషనే దొరికిందా?"

"బాడిగ కడ్తాండాం, ఊరికే ఉండల్యా" అన్నాను నేను. ఆ మాట అనాల్సింది కాదని అనేటప్పుడే తెలుసు. మే నెలాఖరులో ఆళ్లగడ్డకు బయల్దేరినప్పుడు ఆమె మిషను ఆపలేదు, నేను లోపలికి పోయి వెళ్లొస్తానని చెప్పలేదు.

ఏడో ఇల్లు ఆళ్లగడ్డలో, శిల్పాలు చెక్కే షెడ్లకు దగ్గర. పొద్దంతా ఉలి చప్పుడు. ఇంట్లో దిగిన నెలకు నాకు మళ్లీ నెల తప్పిందని తెలిసింది. ఈసారి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ, బిందె ఎత్తకుండా, మెట్లు ఒక్కొక్కటే దిగుతూ ఐదు నెలలు గడిపాను. మా ఆయన చేలో నుంచి వచ్చి నీళ్లు పట్టి, బట్టలుతికి, అప్పుడు అన్నం తినేవాడు. ఆ మనిషికి నేను అప్పుడు ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

క్రాసింగు అయిపోయింది. నంద్యాలకు రమ్మని కబురొచ్చింది. నాకు ఏడో నెల. నేను ఆళ్లగడ్డలోనే ఉండిపోతానన్నాను. ఆ సాయంత్రమే ఇంటాయన పైకొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన కూతురు కాన్పుకు పుట్టింటికి వస్తోందట.

"ఒకే ఇంట్లో ఇద్దరు కడుపుతో ఉండకూడదంటారమ్మా. నాకైతే ఏం లేదు. మా ఆడోళ్లు ఒప్పుకుంటాండ్లేదు" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడని ముఖంలో తెలుస్తోంది. నాకూ కూతురుంటే నేనూ అంతే కదా అనిపించి, ఆయన మీద కోపం తెచ్చుకోవాలన్నా రాలేదు.

మా ఆయన నంద్యాలకు పోయి ఇళ్లు వెతకడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలు మాకు కంఠతా వచ్చు: మీరేమిట్లు, ఎంతమంది, మాంసం తింటారా, చుట్టాలు ఎక్కువా. ఈసారి అందరిదీ ఒకటే ప్రశ్న, ఎన్నో నెల. ఏడు అనగానే, "పురుడైనాక రాండప్పా" అనేవాళ్లు. తమ ఇంట్లో బయటివాళ్ల పురుడు ఎవరికీ ఇష్టం లేదు. ఆయన రోజూ ఆళ్లగడ్డకు తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే తల అడ్డంగా ఊపేవాడు. దొరికినా నాకు భయమే. పాలు పొంగించి, పొయ్యి వెలిగించి, మళ్లీ తొమ్మిదో రోజు కోసం ఎదురుచూడాలా? ఇది కూడా పోతే నేను బతకనని ఆయనతో అన్నాను. ఆయన పక్కన కూర్చుని నా కాళ్లు ఒళ్లోకి తీసుకుని ఒత్తాడు.

మర్నాడు మధ్యాహ్నం ఉలి చప్పుళ్ల మధ్య ఎవరో కింద నుంచి పిలిచారు. చూస్తే మిషనక్క, వెనక మా ఆయన. నంద్యాల నుంచి బస్సులో వచ్చింది. చెవుల దగ్గర పిండి అలాగే ఉంది, చేతిలో పెద్ద గుడ్డసంచి. జరిగింది తర్వాత మా ఆయన చెప్పాడు. ఊరంతా తిరిగి, చివరికి మొహం చెల్లక చెల్లక మిషను దగ్గరికి పోయాడట, మా పాత గది ఖాళీ ఉందేమోనని. గదిలో వేరేవాళ్లు చేరిపోయారు. ఆమె కూడా ఎన్నో నెల అనే అడిగింది. ఏడన్నాడు. "వాళ్లమ్మ యాడుంది?" అంది. లేదన్నాడు. ఆమె మిషను ఆపేసిందట.

పైకొచ్చి, నీళ్లు కూడా తాగకుండా నన్ను చాప మీద కూర్చోబెట్టింది. సంచిలోంచి బియ్యం, కొబ్బరికాయ, పసుపుకొమ్ములు, రవికగుడ్డ, డజను ఆకుపచ్చ గాజులు తీసింది. నా కొంగు పట్టించి ఒడిబియ్యం పోసింది. నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఏందక్కా ఇది?"

"ఏడో నెలలో బిడ్డను పుట్టింటికి పిల్చుకపోతారు. పిల్చుకపోయేకి వచ్చినా."

"ఇల్లు మారకూడదంట గదా."

"ఇల్లు మారేది తప్పు. పుట్టింటికి పోయేది తప్పు ఎట్లయితాది?" అంది. అని మా ఆయన వైపు తిరిగింది. "అల్లుడూ, పొయ్యి యాడ ఎలిగిస్తే అదే ఇల్లు. నీ పొయ్యి గోనెసంచిలో ఏసి కట్టు. బిడ్డకు మూడో నెల వచ్చేదంకా విప్పొద్దు. సామాన్లు మీ కంపెనీ గోడౌన్లో పడేసుకో. అప్పుడు మీరు ఏ ఇంటికీ మారినట్టు ల్యా."

ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఆమెకూ తెలియదనుకుంటా. కానీ ఊరి మాట వల్ల కడుపులో చేరిన భయం ఊరి మాటతోనే కదిలింది, ఏ డాక్టరుకూ అది చేతకాలేదు. మా ఆయన అప్పటికప్పుడు సిలిండరు విప్పి, పొయ్యిని విత్తనాల గోనెసంచిలో పెట్టి, పురికొసతో మూడు ముళ్లు వేశాడు. నేను ఒడిలో బియ్యంతో, చేతిలో ఏమీ లేకుండా బస్సెక్కాను. ఆ దారిలో అన్నిసార్లు పోయాను గానీ సామాను లెక్కపెట్టకుండా, కిటికీలోంచి చూస్తూ పోయింది ఆ ఒక్కసారే.

మిషను వెనక ఆమె పడుకునే గదిలోనే నన్ను పెట్టింది. మంచం నాకిచ్చి తను కింద పడుకుంది. తిట్లు మాత్రం తగ్గలేదు. తినకపోతే తిట్టేది, వంగితే తిట్టేది, ఊరికే కూర్చుంటే నడవమని తిట్టేది. ఆదివారం మా ఆయన వస్తే మాత్రం కోడికూర, సంగటి, "అల్లుడూ ఇంకొంచెం" అని మర్యాద. వారమంతా గోడౌనులో మొక్కజొన్న బస్తాల మధ్య పడుకునే మనిషి ఆ ఒక్కపూట మహారాజులా తినేవాడు. మూడోరోజో నాలుగోరోజో నేను ధైర్యం తెచ్చుకుని అన్నాను, "అక్కా, ఆ పొద్దు బాడిగ మాట నేను అనుండకూడదు."

ఆమె పిండి జల్లిస్తూ తల ఎత్తలేదు. "ఏందీ, తడిసిన జొన్నల సంగతా? ఆ పిండి రొట్టెలు మెత్తగొచ్చినాయని ఆయప్ప మళ్లీ వచ్చి మెచ్చుకోని పోయినాడు" అంది. అది నిజమో నా మనసు తేలిక చేయడానికి చెప్పిందో ఇప్పటికీ అడగలేదు.

మా పాప నంద్యాల ఆసుపత్రిలో పుట్టింది. నొప్పుల గది బయట నర్సు, "ఈమె తాలూకు ఆడమనిషి ఎవరు?" అని అడిగితే, "నేనే, అమ్మను" అని ఆమె అనడం లోపలున్న నాకు వినిపించింది. గట్టిగా, మిషను చప్పుడు మీద మాట్లాడే గొంతుతో అంది. ఆ నొప్పిలో కూడా నాకు ఊపిరి ఆడింది.

పాప మిషను చప్పుడుకే నిద్రపోయేది, కరెంటు పోతే ఏడ్చేది. పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని మిషనక్క నీళ్లు పోస్తుంటే చూస్తూ కూర్చునేదాన్ని. నాకు అమ్మ గుర్తు లేదు. నాకూ ఎవరో ఇలాగే పోసి ఉంటారని మొదటిసారి అప్పుడే అనిపించింది.

మా ఆయన కంపెనీవాళ్లను బతిమాలి ఫీల్డు పని మానుకుని నంద్యాల గోడౌను పనిలో చేరాడు. ఇక ఊళ్లు మారక్కర్లేదు. పాపకు మూడో నెల వచ్చేసరికి రెండు వీధుల అవతల ఇల్లు దొరికింది. మంచి రోజు చూసి ఆమె నాకు మళ్లీ ఒడిబియ్యం పోసింది, పాపకు దిష్టిచుక్క పెట్టింది. ట్రాలీ ఆటో వచ్చి మిషను ముందు ఆగింది.

పెళ్లినాడు అప్పగింతలప్పుడు నేను ఏడవలేదు. గట్టి పిల్ల అన్నారు అందరూ. గట్టితనం కాదు, ఎవరి మెడ పట్టుకుని ఏడవాలో నాకు తెలియలేదు. ఆ పొద్దు మిషను మెట్టు మీద ఆమె మెడ పట్టుకుని ఏడ్చాను. రెండు వీధుల అవతలికి పోవడానికి అంత ఏడుపేమిటని పిండి ఆడించుకునేవాళ్లు మూటలు పట్టుకుని చూస్తున్నారు. "పిచ్చిదానా, రేపు పిండాడించుకునేకి నువ్వు ఈడికే రావల్ల" అంటూనే ఆమె నన్ను వదలలేదు. మా ఆయన కాసేపు చూసి, డ్రైవరు దగ్గరికి పోయి, ఇంజను ఆపి పది నిమిషాలు ఉండమన్నాడు.