ఇండియం పొర

ఇంట్లో ఇద్దరూ తోడికోడళ్లు, పనిచేసేది ఒకే ప్రయోగశాల. పెద్దావిడ పద్దెనిమిదేళ్లుగా స్ఫటికాలు పెంచుతోంది. పని నేర్చుకున్నది కొలిమి ముందే. లోహపు ముక్కల్ని కరిగిన ఇండియం అనే మెత్తని లోహంలో కలిపి, పది రోజులు మెల్లగా చల్లార్చి, వేడిమీదే గిర్రున తిప్పి ఇండియాన్ని వేరుచేస్తుంది. ఇంకా అంటుకున్న పొరను యాసిడ్‌లో పోగొడితే బియ్యపుగింజంత పలక మిగులుతుంది.

చిన్నావిడ వచ్చి రెండేళ్లు. సూక్ష్మదర్శిని కింద ఆ పలకకు వెంట్రుకకన్నా సన్నని బంగారు తీగలు నాలుగు అతికిస్తుంది. పది రోజుల పని ఒకరిది, ఒక పూట పని మరొకరిది. గ్రాఫు తెరమీదికి రాగానే ప్రొఫెసర్ మాత్రం "ఏం చెయ్యమ్మా నీది!" అని చిన్నావిడనే మెచ్చుకునేవాడు. పెద్దావిడ కొలిమి వైపు తిరిగిపోయేది.

ఆ పలక లోహంలో రెండు గుణాలకు పడదు. బాగా చల్లబడితే అయస్కాంతత్వానిది పైచేయి అవుతుంది. అది నీరసిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది, అదే అతివాహకత. కొత్త మిశ్రమంలో ఏది గెలుస్తుందో తేలాలి.

"అక్కా, పలక అయిందా? సార్ రెండుసార్లు అడిగారు."

"నీ తీగల కోసం నా యాసిడ్ పరుగెత్తాలా? ఇంద, పట్టుకుపో."

విసురుగా, టైము కాకుండానే పలకను యాసిడ్‌లోంచి తీసి ఇచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం 3.4 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు మైనస్ 270 డిగ్రీల చలిలో, కరెంటుకు నిరోధం టక్కున సున్నాకు పడింది. గదంతా చప్పట్లు. ప్రొఫెసర్ చిన్నావిడకు చెయ్యి కలిపాడు.

పెద్దావిడ ఆ అంకెను గుర్తుపట్టింది. ఇండియం తనంతట తాను అతివాహకమయ్యేది సరిగ్గా అక్కడే. పడింది స్ఫటికం కాదు, పోకుండా మిగిలిన పొర. చెబితే తోడికోడలి మురిపెం ఈ క్షణమే అణుగుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా తియ్యగా వచ్చింది. చెబితే తన పేరూ పోతుంది.

అంతలో చిన్నావిడే అంది: "సార్, ఇది ఇండియంలా ఉంది. కాస్త అయస్కాంత క్షేత్రం పెట్టి చూద్దాం, ఇండియమైతే ఇట్టే లొంగిపోతుంది."

కొద్దిపాటి క్షేత్రానికే సున్నా చెదిరి నిరోధం తిరిగొచ్చింది.

"తప్పు నాదే సార్. అతికించేముందు చూసుకోవాల్సింది," అంది చిన్నావిడ.

ఆ అంకె గుర్తుపట్టడం రావడానికి పెద్దావిడకు ఆరేళ్లు పట్టింది. దీనికి రెండేళ్లకే వచ్చేసింది! పైగా తప్పు కూడా తనదేనట!

"కడిగేది ఎవరే? తొందరపడి తీసింది నేను. తప్పు నాది సార్. చివరికి దాన్నీ నువ్వే కొట్టేస్తావా?"

"పోనీ చెరి సగం, అక్కా."

"ఇంట్లో బీరువా చెరి సగం చేసుకున్నది చాలు. పలక ఇటు తే."

తీగలు ఊడదీయించి, పలకను యాసిడ్‌లో వేసి, గడియారం వైపు తిరిగి కూర్చుంది.