ఫ్లెక్సీలో ఎడమవైపు ఆయన

ఒక పెద్దమనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, మైకు పట్టుకుని, ఇంగ్లీషులో పది నిమిషాలు తిట్టి, ఆ తర్వాత దండ వెయ్యబోయినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? నేనున్నాను. పైగా పొగుడుతున్నాననుకునే తిట్టాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు వచ్చేశాయి కానీ, బుద్ధి మాత్రం ఇంకా గణపవరం బస్సు దిగలేదు.

తాడేపల్లిగూడెంలో ఒక పాత ధాన్యం గోడౌనును హాలుగా మార్చి సత్యం మాస్టారు బ్యాడ్మింటన్ నేర్పేవారు. గణపవరం నుంచి వెళ్లే నేనూ, ఆకివీడు నుంచి వచ్చే గ్రేసూ డబుల్స్ జోడీ. గ్రేసు వాళ్ల నాన్నగారు పాస్టరు. మైకు అక్కర్లేని గొంతు దానికి ఆయన దగ్గర్నుంచే వచ్చింది. నా గొంతు ఎవరి దగ్గర్నుంచీ రాలేదు. డబుల్స్‌లో ఇద్దరి మధ్యకీ షటిల్ కాక్ వచ్చినప్పుడు ఎవరో ఒకరు "నాది!" అని అరవాలి. అంతమందిలో ఒక వస్తువును నాది అనడం నాకు మర్యాదగా తోచేది కాదు. కాక్ మా ఇద్దరి మధ్యా పువ్వులా రాలేది.

"అరవవేమే?"

"మనసులో అరిచానే."

హాలు గోడమీద ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ ఒకటుండేది. అందులో కుడి చివర హాలు ప్రారంభించిన పెద్దాయన, ఆయన పక్కన ఇండోనేషియా డబుల్స్ జోడీ. వాళ్ల పేర్లు పలకడానికి నాకు నెల పట్టింది, మిమ్మల్ని కష్టపెట్టడమెందుకు? నెట్ దగ్గర ఆడేవారిని ముందాయన అనీ, వెనక నుంచి స్మాషులు కొట్టేవారిని వెనకాయన అనీ అనుకుందాం. ఎడమవైపు బొమ్మ కింద ముందాయన పేరు, కుడివైపు బొమ్మ కింద వెనకాయన పేరు ఉండేవి. ముందాయన మౌని. గెలిచినా ఓడినా ఒకటే చిరునవ్వు. వెనకాయన రాకెట్లు విరగ్గొట్టేవారు, అంపైర్లతో తగువులాడేవారు, పాయింటు వస్తే సింహంలా గర్జించేవారు.

సిగ్గరిని కదా, నా భక్తి ఎటు పోయిందో వేరే చెప్పాలా? ముందాయన గురించి పత్రికల్లో వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి డైరీలో అంటించాను. చిన్నప్పుడే ఇల్లు వదిలి శిక్షణ శిబిరానికి వెళ్లడం, మొదటి ఓటములు, మోకాలి ఆపరేషను, మళ్లీ మొదటినుంచి ఎక్కి వచ్చి గెలిచిన కప్పులు, రిటైర్మెంటు రోజు కన్నీళ్లు, అన్నీ నాకు కంఠతా వచ్చు. వీడియోలు, ఫొటోలు చూడలేదా అంటారా? మనిషిని చూడటం కన్నా మనిషి గురించి చదవడమే నాకు హాయి.

ఫ్లెక్సీలో ఇద్దరూ ఎడమచేత్తో రాకెట్ పట్టుకుని ఉండేవారు. ఆ సంగతి ఏ పత్రికా రాయలేదు. "విలేకరుల అలసత్వం విచారకరం" అని డైరీలో రాసుకుని, నెల్లాళ్లపాటు నేనూ ఎడమచేత్తో ఆడాను. చొక్కాల మీద అక్షరాలు వింతగా కనిపిస్తే ఇండోనేషియా లిపి కాబోలనుకున్నాను. నవ్వండి, ఇంకా చాలా ఉంది.

ఒకరోజు మాస్టారు ఆయాసపడుతూ వచ్చారు.

"అమ్మాయ్! విజయవాడ వచ్చారట. రేపు రెండు గంటలు మన హాలుకి వస్తానన్నారు!"

"ఎవరండీ?"

"ఇదిగో, ఈ ఎడమవైపాయన!" అని ఫ్లెక్సీ మీద తట్టారు. కుర్రతనంలో వాళ్ల ఆట కళ్లారా చూసినవారు కనుక మాస్టారికి ముఖాలు గుర్తు. ఆ పేర్లు రాయడమే తప్ప పలికే జోలికి ఆయన వెళ్లేవారు కాదు.

నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. నా ముందాయన!

"మూడేళ్ల నుంచి ఉత్తరాలు రాస్తున్నానమ్మా," అన్నారు మాస్టారు. "ఎండాకాలంలో ఒక్క వారం ఇక్కడుండి మన పిల్లలకి డబుల్స్ నేర్పితే చాలు, ఇంకేం అడగను. ఆయన సంగతులు నీ అంత తెలిసినవాళ్లు ఎవరున్నారు? స్వాగతం నువ్వే చెప్పాలి."

"నేనా అండీ? మైకులోనా?"

"చెబుతుందండీ," అంది గ్రేసు, నన్ను అడక్కుండానే.

మర్నాడు ఆయన కారు దిగుతూనే నవ్విన నవ్వు హాలు చివరిదాకా వినిపించింది. మౌనం రిటైర్మెంటుతో ముగిసిందేమో అనుకున్నాను. మైకు అందుకుని మొదలుపెట్టాను. అక్కడ ఇంగ్లీషులో చెప్పినది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"అయ్యా, మీరు శాంతమూర్తి. ఇన్నేళ్ల ఆటలో మీరు ఒక్కసారైనా గొంతు పెంచలేదు."

అతిథి తన వెనక ఇంకెవరైనా కూర్చున్నారేమోనని తిరిగి చూశారు.

"మీ ఎడమచేతి నేర్పును లోకం గుర్తించలేదు."

ఆయన ఎడమచెయ్యి పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. మాస్టారు నావైపు రెండు చేతులూ ఊపుతున్నారు. ఇంకాస్త గట్టిగా చెప్పమంటున్నారనుకుని గట్టిగా చెప్పాను.

"అన్నిటికీ మించి, ఆ వెనకాయనతో అన్నేళ్లు ఎలా వేగారండీ? ఆ కోపం, ఆ కేకలు, ఆ విరిగిన రాకెట్లు! ఇంకొకరైతే మొదటి ఏడాదే పారిపోయేవారు."

అతిథి బడిపిల్లాడిలా చెయ్యెత్తారు. "ఒక్క సందేహం. అతను అంత చెడ్డవాడా?"

ఆహా, ఎంత ఉదారత! "అవునండీ. మీ మంచితనం వల్ల మీకు తెలియలేదు."

"ఆట అయినా బాగుండేదా?"

"ముందు మీరు లేకపోతే ఆయనకి ఆట ఎక్కడిదండీ?"

ఆయన బరువుగా తల పంకించారు. "నాకతను బాగా తెలుసు. రోజూ పొద్దున్నే అతని గడ్డం నేనే గీస్తాను."

హాలంతటిలో ముందుగా అర్థమైంది గ్రేసుకి. "ఒసేయ్! వెనకాయన ఈయనేనే!" అన్న కేక మైకు లేకుండానే రైల్వే స్టేషను దాకా వెళ్లి ఉంటుంది.

ఫొటోలు తీస్తున్న ఫ్లెక్సీ రాంబాబుగారు తాపీగా ముందుకొచ్చారు. "ఆ బొమ్మ నేను అద్దంలోలాగ తిప్పి వేశానండీ. ప్రారంభించిన పెద్దాయన ఫొటో కుడిపక్కన ఉంది కదండీ. ఈళ్లిద్దరూ ఎడమకి చూస్తంటే ఆయనకి ఈపు పెట్టినట్టుండదాండీ? పేర్లు మాత్రం మాస్టారు రాసిచ్చిన వరసలోనే వేశానండి, అక్షరం మార్చలేదు."

నేను మాస్టారి ముఖం చూశాను. మూడేళ్ల ఉత్తరాలు మా మధ్య కాక్‌లా, చప్పుడు లేకుండా నేలకి జారుతున్నాయి. ఆ కాక్‌ని అందుకోవలసింది ఎవరో ఆ క్షణంలో నాకు తెలిసింది.

"నాది!" అని అరిచాను. మైకు కీచుమంది. "తప్పు నాదండీ! మాస్టారిది కాదు, నాది!"

గ్రేసు నోరు తెరిచింది, కానీ మాట రాలేదు. మా స్నేహంలో అదే మొదటిసారి.

అతిథి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతోనే ఫోను తీసి, వీడియోలో ముందాయనను పట్టుకుని, నా చేత ఆ ప్రసంగమంతా ఆయనకి మళ్లీ చదివించారు. అదే చిరునవ్వుతో చివరిదాకా విని ముందాయన ఒకే ఒక్క మాటన్నారు.

"అది ఓర్పు కాదమ్మా. వీడు ఆపితే కదా నేను మాట్లాడటానికి!"

వెనకాయన నా చేతిలోని దండ తనే తీసుకుని మెళ్లో వేసుకున్నారు. "నేను అరిచేవాణ్ణి కనకే వాడు నిశ్చింతగా ఆడుకున్నాడు," అన్నారు. "నువ్వు ఇందాక అరిచినట్టు కోర్టులో అరవడం నేర్పాలంటే ఒక వారం పడుతుంది. ఎండాకాలంలో వస్తాను." మాస్టారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

వచ్చారు, ముందాయనను వెంటబెట్టుకుని మరీ వచ్చారు. కొత్త ఫ్లెక్సీ పని నేనే మీద వేసుకున్నాను. షాపులో కూర్చుని ఎవరి ముఖం కింద వారి పేరు, ఎవరి రాకెట్ వారి కుడిచేతిలో ఉన్నాయో లేదో నాలుగుసార్లు సరిచూసి ఇంటికి వెళ్లాను. నేనటు వెళ్లాక మూల ఖాళీగా ఉందని రాంబాబుగారు నా బొమ్మ కూడా చేర్చారట.

వెనకాయన ఆ మూల చాలాసేపు చూసి నావైపు తిరిగారు. "రెండు రోజుల నుంచి నేర్పుతున్నాను. నీది ఎడమచేతి వాటమని ఒక్కరైనా చెప్పలేదేం?"

అతిథులకు వీపు పెట్టకూడదని రాంబాబుగారు ఈసారి నన్ను తిప్పేశారండీ.

కాబట్టి నా డైరీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎంతటి మహానుభావుడినైనా సరే, ఆధార్ కార్డు చూడనిదే పొగడను. ఆ కార్డు రాంబాబుగారి షాపులో లామినేషను చేయించినదైతే, అప్పుడూ పొగడను.