కిక్కిస మడి

మా ఇంట్లో ఎవరం చేపలు తినం. కానీ మాకు అన్నం పెట్టింది మాత్రం చేపలే. నాన్నకు ఏలూరులో చేపల మేత, చెరువు మందుల కొట్టు ఉంది. కొల్లేరు అంచున, కైకలూరు దగ్గర కౌలుకు తీసుకున్న చెరువులూ ఉన్నాయి. ఆ చెరువుల మురికి నీళ్ళు మురుగు కాలువలో పడి కొల్లేట్లోకి పోతాయని తెలిశాక, కంచం ముందు కూర్చుంటే సిగ్గేసేది. సిగ్గేసిందని తినడం మానలేదు లెండి. చదువుకుని ఈ పాపానికి విరుగుడు కనిపెడతానని తాడేపల్లిగూడెంలో పర్యావరణ శాస్త్రంలో చేరాను. ఆ ఫీజూ కొట్టులోంచే వచ్చింది.

ప్రాజెక్టు కోసం నాన్నను ఒక చెరువు అడిగాను. చెరువుకీ కాలువకీ మధ్య చిన్న మడి కట్టించి కిక్కిస నాటాను. కొల్లేట్లో ఒకప్పుడు మనిషెత్తున పెరిగిన రెల్లులాంటి మొక్క అది. చెరువులు తవ్వుకోవడానికి మావాళ్ళే తగలబెట్టారు. నీళ్ళు దాని వేళ్ళ మధ్య నుంచి మెల్లగా జారితే మురికి చాలావరకు అక్కడే ఆగిపోతుంది. కొన్ని నెలలకు నిజంగానే ఆగింది. మడి అవతలికి వచ్చే నీళ్ళకు కంపు పోయింది. నేను గాల్లో తేలాను.

అయితే, రోజూ కొంచెం కొంచెంగా వదిలే నీళ్ళకే ఆ మడి సరిపోతుంది. పట్టుబడి రోజున మాత్రం చేపలన్నీ పట్టేయడానికి చెరువు మొత్తం ఒక్కసారే ఖాళీ చేస్తారు. ఆ ఉరవడి ముందు నా మడి ఏ మూలకి? ఆ సంగతి కాలేజీలో అందరికీ చెప్పాను. చెరువు గట్టు మీద ఎవరికీ చెప్పలేదు.

నాన్న చెరువు పక్కనే భర్త పోయిన ఒకావిడ వరిచేను ఉండేది. మూడు వైపులా చెరువులే కావడంతో ఊట దిగి పంట సరిగ్గా పండేది కాదు. దాన్నీ చెరువుకి ఇచ్చేయమని నాన్న ఏళ్ళ తరబడి అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. తన చేను చెరువైతే అందులోంచి పోయే మురుగు దిగువనున్న పుట్టింటివాళ్ళ ఊరి నీళ్ళల్లో కలవడం ఆవిడకు ఇష్టం లేదు. ఆ చుట్టుపక్కల మిగిలిన వరి అదొక్కటే.

ఒకరోజు నేను సీసాలో నీళ్ళు పడుతుంటే ఆవిడ గట్టు మీదకు వచ్చింది.

"ఏవండీ అమ్మాయిగారూ, ఈ మొక్కలు నీళ్ళని బాగు చేస్తాయంటన్నారు మీ నాన్నగారు. నిజమేనాండీ?"

"నిజమేనండీ పిన్నిగారూ," అన్నాను గర్వంగా.

శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదంటారు. నాన్న మాట నమ్మని మనిషి నా మాట నమ్మింది. కోతలు అవగానే చేను కౌలుకి ఇచ్చేసింది.

నాన్న ఫోన్లో సంబరపడిపోయారు. "నీ చదువు అక్కరకొచ్చింది అమ్మలూ. అక్కడా నీ మొక్కలు వేద్దాంలే."

"పట్టుబడి నీళ్ళకి అవి ఆగవు నాన్నా," అన్నాను.

"ఆ ఒక్కరోజుకేగా," అన్నారు.

ఇక ఆవిడకే చెప్పి మాన్పించాలని మర్నాడు పొద్దున్నే కైకలూరు బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాను.

వెళ్ళేసరికే చేలో పొక్లెయిన్ దిగి ఉంది. ఈశాన్యం మూల పసుపు, కుంకుమ, అగరొత్తులు పెట్టారు. చెరువు తవ్వేముందు, చెయ్యి మంచిదనుకున్నవాళ్ళ చేత కొబ్బరికాయ కొట్టించడం మావైపు అలవాటు. నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"సమయానికి వచ్చారండీ. మీ మాట మీదేగా ఇచ్చింది! మీ చేత్తోనే కొట్టండి."

"పిన్నిగారూ, మీకో మాట చెప్పాలండీ."

"ముందు కాయ కొట్టండమ్మా, వర్జ్యం వచ్చేస్తంది."

కాయ నా చేతిలో పెట్టేసింది. నాన్న నావైపే చూస్తున్నారు. నాకు ర్యాంకు వచ్చినప్పుడు కూడా ఆయన మొహంలో అంత గర్వం చూడలేదు. కాయ కింద పెట్టి అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు, కొట్టాను. సరిగ్గా రెండు చెక్కలైంది. డ్రైవరు దండం పెట్టుకుని సీటెక్కాడు. మట్టితోపాటు వరి దుబ్బులు వేళ్ళతో సహా పైకి లేచాయి.

ఆవిడ కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టింది.

"ఇందాక ఏదో చెప్పాలన్నారేంటండీ?"

"ఏం లేదండీ," అన్నాను, ముక్క కొరుకుతూ.